కాయిన్లు భర్తవి, కోరిక ఆమెది: ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి ఎవరికి?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరమిది. సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె పుట్టిల్లు అలియాబాద్. తండ్రి ఆర్టీసీ ఫలక్‌నుమా డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ గుట్ట మీద ప్యాలెస్‌ను కిందినుంచి చూసినవాడే కానీ గేటు దాటలేదు. వచ్చే ఫిబ్రవరిలో అమ్మానాన్నల పెళ్లయి నలభై అయిదేళ్లు. ఆ రోజు వాళ్లను ఇప్పుడు తాజ్ హోటల్‌గా ఉన్న ఆ ప్యాలెస్‌లో, తాజ్ ఫలక్‌నుమాలో, ఒక రాత్రి ఉంచాలని ఆమె కోరిక. డబ్బు పెట్టి కాదు, భర్తకు టాటా వాళ్ల షాపింగ్ యాప్ టాటా న్యూ ఖాతాలో పోగైన 58,000 న్యూకాయిన్లతో, అంటే రివార్డు పాయింట్లతో. ఆయన ఆఫీసు పనిమీద వెళ్లి తాజ్ హోటళ్లలో దిగినప్పుడు కొన్ని వచ్చాయి, ఇంటి ఖర్చంతా ఆయన టాటా న్యూ క్రెడిట్ కార్డు మీదే నడవడంతో మిగతావి వచ్చాయి. కార్డు బిల్లు ఇద్దరి జీతాలూ పడే ఖాతా నుంచి కడతారు. యాప్‌లో గది 48,000 అని చూపించింది. "అంటే ఫ్రీయే కదా" అని ఆమె అన్నారు. "అవి బిగ్‌బాస్కెట్‌లో వాడితే నెలల తరబడి సరుకులొస్తాయి" అని ఆయన అన్నారు. పక్క గదిలోంచి అత్తగారు "రాజభోగం మీవాళ్లకేనా?" అన్నారు. సంగతి చెవినపడగానే తండ్రి "ఒక్క రాత్రి పండనీకి అన్ని పైసలా?" అని కోప్పడ్డారు. ఇదిగాక ఆమె పేరుమీద వేరే బ్యాంకు కార్డులో కొన్ని పాయింట్లున్నాయి, వాటిని తాజ్ గిఫ్ట్ వోచర్లుగా మార్చుకోవచ్చట. "నాన్న ఒప్పుకునేదాకా ఆగనా? మావారితో గొడవ పెట్టుకోనా? అత్తగారికి ఏం చెప్పను?" అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు తగాదాలున్నాయి. ఒకటి లెక్కది, ఒకటి హక్కుది, ఒకటి మర్యాదది. మూడూ ఒకేసారి మాట్లాడుతున్నారు కాబట్టి ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. ముందు లెక్క తేల్చుకోండి. అది తేలితే మిగతా రెండూ సగం వరకు చల్లబడతాయి.

లెక్కలో మీవారిదే కరెక్టు. ఒక న్యూకాయిన్ అంటే ఒక రూపాయి. ప్యాలెస్‌లో గదికి వాడినా రూపాయే, క్రోమాలో మిక్సీకి వాడినా రూపాయే, బిగ్‌బాస్కెట్‌లో కందిపప్పుకు వాడినా రూపాయే. కొన్ని విదేశీ హోటల్ గొలుసుల పాయింట్లు ఇలా ఉండవు. అక్కడ పాయింటు విలువ గదిని బట్టి, తేదీని బట్టి మారుతుంది. ఖరీదైన హోటల్లో ఖరీదైన రోజున వాడితే మామూలుగా వచ్చేదానికి రెండింతలు రాబట్టుకున్నవాళ్లూ ఉంటారు. "పాయింట్లు హోటల్లోనే వాడాలి, లేకపోతే వేస్టు" అనే మాట ఆ పథకాల నుంచి వచ్చింది, న్యూకాయిన్లకు అది అతకదు. మీరు గదికి వాడేవి నిజంగా యాభై చిల్లర వేల రూపాయలు. "ఫ్రీ" అన్న మాట మానేయండి. మీవారికి కోపం తెప్పిస్తున్నది ప్యాలెస్ కాకపోవచ్చు, ఆ మాటే కావచ్చు.

విలువ స్థిరంగా ఉండటంలో ఒక లాభమూ ఉంది. పాయింట్ల కోసం విడిగా పక్కన పెట్టిన గదులు దొరుకుతాయా లేదా అన్న వేట మీకు లేదు. గది రేటు తగ్గిన రోజున అదే నిష్పత్తిలో కాయిన్లూ తక్కువ ఖర్చవుతాయి. అందుకే ఫిబ్రవరి అన్న పట్టుదల కాస్త సడలించమంటాను. ఫలక్‌నుమాలో గదులు, సూట్లు అన్నీ కలిపి అరవైయే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు పర్యాటకులు ఉంటారు, ముహూర్తాలు ఉంటాయి. పెద్దింటి పెళ్లికి ప్యాలెస్ మొత్తం తీసుకున్నారంటే ఆ తేదీన మీకు ఒక్క గదీ దొరకదు. 2017 నవంబరులో ప్రధాని, ఇవాంకా ట్రంప్ విందుకు వచ్చింది కూడా ఇక్కడికే. అలాంటి రోజుల్లో ఆ గుట్ట చుట్టుపక్కల ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీ నాన్నగారికి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు చూసిన రేటుతోనే లెక్క వేద్దాం. రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం. 48,000 మీద 8,640 కలిపితే 56,640. మీ 58,000లో 1,360 మిగులుతుంది. రేటులో బ్రేక్‌ఫాస్ట్ ఉందో లేదో చూసుకోండి, "రూమ్ ఓన్లీ" అంటే లేనట్టే. ఇద్దరి రాత్రి భోజనానికి పన్నెండు, పద్నాలుగు వేలు విడిగా పెట్టుకోండి. అంత ఖరీదు గదులున్న హోటల్లో తిండి మీద కూడా జీఎస్టీ 18 శాతమే, బయటి రెస్టారెంట్ల అయిదు కాదు. గుర్రపు బండి తోలేవాళ్లకు, సామాను మోసేవాళ్లకు ఇచ్చేది కూడా కలుపుకుంటే చేతి నుంచి పదిహేను వేల దాకా వెళుతుంది. మీవారికి చెప్పాల్సిన అంకె సున్నా కాదు, ఇది.

అదే గది వేసవిలోనో వానల్లోనో, వారం మధ్యలో 38,000కు దొరికిందనుకోండి. పన్నుతో 44,840. అప్పుడు 13,160 కాయిన్లు మిగులుతాయి, ఇద్దరి భోజనం అందులోనే గడిచిపోతుంది. పెళ్లిరోజు దాటిపోయాక వేడుక ఏంటి అని మీ అమ్మగారు అనవచ్చు. అంటే ఫిబ్రవరిలోనే చేయండి, పన్నుతో కలిపి దాదాపు పన్నెండు వేలు ఎక్కువవుతుందని తెలిసి చేయండి.

ఇక హక్కు సంగతి. న్యూకాయిన్లు ఫోన్ నంబరును బట్టి ఉంటాయి కాబట్టి ఖాతా మీవారిది. కానీ కార్డు బిల్లు ఉమ్మడి ఖాతా నుంచి కట్టారు కాబట్టి వాటిలో మీ వాటా లేదనడానికీ లేదు. ఆఫీసు టూర్లలో వచ్చినవి ఆయన ఊళ్లు తిరిగి, ఇంటికి దూరంగా ఉండి సంపాదించినవి. వాటిమీద "ఇలా వాడతాను" అని ఆయనకు ఒక ఆశ ఉండవచ్చు, అది ఆయన బయటికి చెప్పి ఉండకపోవచ్చు. అడగండి. "కాయిన్లు ఇవ్వండి" అని అడిగితే అది అనుమతి అడిగినట్టుంటుంది. "అమ్మానాన్నల కోసం యాభై ఏడు వేలు పెడదామా, పెడితే మన ఇద్దరం వేరే ఏది తగ్గించుకోవాలి?" అని అడిగితే ఇద్దరూ కలిసి ఒక ఖర్చు చూస్తున్నట్టుంటుంది. ఆయన వద్దంటే, ఏ రకం ఖర్చు వద్దంటున్నారో విని తెలుసుకోండి. "అంత పెద్ద మొత్తం ఒక్క రాత్రికా" అనేదొక అభ్యంతరం. "మా అమ్మను వదిలేసా" అనేది ఇంకొకటి, అది రెండోసారి అడిగితే గానీ బయటికి రాదు.

అత్తగారి మాట మీకు నొప్పి కలిగించిందని తెలుస్తోంది. అయితే ఆవిడ అన్నది తప్పుడు ప్రశ్న కాదు. ఆ ఖాతాలో ఉన్నది ఆవిడ కొడుకు తిరిగి సంపాదించిందే కదా. అత్తమామలకూ ఒక గది తీసుకుంటే రెండో 56,640 దాదాపు పూర్తిగా రొక్కం. అది భరించగలిగితే మంచిదే, అప్పు చేసి మాత్రం వద్దు. ఆ ప్యాలెస్ కట్టించిన ‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా కూడా, 1884లో శంకుస్థాపన చేసి దాదాపు పదేళ్లు కట్టించి, చివరికి అప్పుల్లో కూరుకుపోయి, 1897 ప్రాంతాల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు అప్పగించాల్సి వచ్చిందని చెబుతారు. తాహతుకు మించిన ఆతిథ్యం ఆ గుట్టకు కొత్త కాదు.

ఒకే గదిలో నలుగురు పెద్దవాళ్లను పెట్టడం కుదరదు. గదికి ఇద్దరే. మూడో మనిషికి అదనపు మంచం, అదనపు ఛార్జీ. అమ్మానాన్నలు దిగాక సాయంత్రం మీరు "చూసి వస్తాం" అని వెళ్లినా, రిజర్వేషన్ లేనిదే గేటు దాటనివ్వరు.

అందుకే ఇంకో దారి చెబుతాను. మీ నాన్నగారికి కావాల్సింది ఆ మంచం మీద పడుకోవడమా, గేటు దాటి గుట్ట పైకి ఎక్కి అక్కణ్ణుంచి తాను తిరిగిన ఊరిని చూడటమా? రెండోదైతే రాత్రి బస అక్కర్లేదు. హోటల్లో దిగనివాళ్లు ముందే బుక్ చేసుకుని జేడ్ టెర్రస్‌లో సాయంత్రం హై టీకి వెళ్లవచ్చు, లేదా అదా రెస్టారెంట్‌లో భోజనం చేయవచ్చు. అక్కడ హైదరాబాదీ, భారతీయ వంటలుంటాయి. మనిషికి పన్నుతో 4,500 అనుకున్నా, మీ అమ్మానాన్నలు, అత్తమామలు, మీరిద్దరు, ఆరుగురికి 27,000. ఇంకా 31,000 కాయిన్లు మిగులుతాయి, మీవారి సరుకులకూ దారి దొరుకుతుంది, అత్తగారి ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

అయితే ఇందులో పోయేదీ ఉంది. హోటల్లో దిగినవాళ్లకు సాయంత్రం ప్యాలెస్ చూపించే నడక ఉంటుంది. దర్బారు హాలు, విండ్సర్ కోట గ్రంథాలయం నమూనాలో చేసిన పుస్తకాల గది, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల అన్నీ ఆ నడకలో వివరంగా చూపిస్తారు. టీకి వెళ్లినవాళ్లకు ఎంతవరకు చూడనిస్తారో బుక్ చేసేటప్పుడే స్పష్టంగా అడగండి, అక్కడికి వెళ్లాక కాదు. దిగినవాళ్లను గేటు దగ్గర నుంచి గుర్రపు బండిలో తీసుకెళ్లి, మెట్ల దగ్గర గులాబీ రేకులు చల్లే మర్యాద టీ అతిథులకు ఉండదనే అనుకోండి. మీ నాన్నగారి కళ్లలో మీరు చూడాలనుకున్నది సరిగ్గా ఆ బండి ఘట్టమే అయితే టీ సరిపోదు. ఆ తేడా మీకే తెలుసు, నాకు తెలియదు.

ప్యాలెస్ లోపల చూడటమే ముఖ్యమైతే పర్యాటక అభివృద్ధి సంస్థ వారాంతాల్లో చౌమహల్లాతో కలిపి నిజాం ప్యాలెస్‌ల టూర్ నడుపుతూ వచ్చింది. ప్రస్తుతం ఉందో లేదో, రేటెంతో వాళ్ల కౌంటర్లో కనుక్కోండి. కాయిన్లు అందులో చెల్లవు గానీ బసతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

బసే కావాలని ఇద్దరూ నిర్ణయించుకుంటే, ఇబ్బంది సాధారణంగా చెక్‌ఇన్ దగ్గర వస్తుంది. కాయిన్లు మీవారి నంబరు మీద ఉన్నాయి. రిసెప్షన్‌లో వాడాలంటే ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు మీ నాన్నగారు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే, ఆ ఓటీపీ ఆఫీసు మీటింగులో సైలెంట్‌లో ఉన్న అల్లుడి ఫోన్‌కు వస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. మీవారే తన ఖాతాలోకి లాగిన్ అయి, అతిథుల పేర్లు మీ అమ్మానాన్నలవి పెట్టి, కాయిన్లతో ముందే ఆన్‌లైన్‌లో కట్టేయవచ్చు. కట్టేసిన తర్వాత హోటల్‌కు మెయిల్ చేసి "బస చేసేది వీరు, గది బిల్లు పూర్తయింది" అని రాయించుకోండి. లేదా చెక్‌ఇన్‌కు అల్లుడు స్వయంగా వెంటవెళ్లాలి. నన్నడిగితే రెండోదే మేలు. అత్తమామలను గేటు దాకా అల్లుడే తీసుకెళితే "ఎవరి కాయిన్లు" అన్న మాట తర్వాత ఎవరూ ఎత్తరు.

ముందే కట్టే రేట్లలో తక్కువ రేటుకు రద్దు ఉండదు. మీ నాన్నగారి వయసులో బీపీ పెరిగిందనో, మోకాలు పట్టేసిందనో ఆ రోజు ఆగిపోవచ్చు. అందుకని రద్దు చేసుకోగల రేటే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. రద్దు చేస్తే కాయిన్లు తిరిగి వచ్చేటప్పుడు కొత్త గడువుతో వస్తాయా, పాత గడువుతోనే వస్తాయా అని మెయిల్లోనే అడిగి పెట్టుకోండి. యాప్‌లో కాయిన్ల లెక్క తెరిచి ఏ తేదీకి ఎన్ని తీరిపోతాయో ఇవాళే చూడండి. సగం జనవరిలో తీరిపోయేవైతే ఫిబ్రవరి పెళ్లిరోజు గురించి ఈ చర్చంతా మారిపోతుంది. కాయిన్లు పన్ను మొత్తానికి కూడా వర్తిస్తాయా, ఒక బిల్లులో గరిష్ఠ పరిమితి ఉందా అన్నది కూడా అదే మెయిల్లో చేర్చండి.

మీ సొంత కార్డు పాయింట్ల సంగతి వేరే. వోచర్లుగా మార్చుకునే ముందు మూడు షరతులు చదవండి: ఏయే హోటళ్లలో చెల్లుతుంది, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఒక బిల్లుకు ఎన్ని వాడవచ్చు. ప్యాలెస్ హోటళ్లను మినహాయించిన వోచర్లూ ఉంటాయి. ఇలాంటివి సాధారణంగా హోటల్లో బిల్లు కట్టేటప్పుడు ఇవ్వాల్సినవి, కాబట్టి గదిని "హోటల్లో కడతాం" రేటులో బుక్ చేసుకుని ఉండాలి. ముందే కట్టేసిన గదికి వోచర్ పెట్టే చోటుండదు. అప్పుడు దాన్ని రాత్రి భోజనానికి వాడుకోవచ్చు. నిజానికి మీకు అదే నప్పుతుంది: గదికి ఆయన కాయిన్లు, భోజనానికి మీ వోచర్లు. పాయింట్లు ఒకసారి వోచర్ అయ్యాయంటే మళ్లీ వెనక్కి మారవు, కాబట్టి తేదీ ఖాయమయ్యాకే మార్చండి. వోచర్ రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి రెండు వారాల ముందే మార్చండి.

ఇంకొక ప్రలోభం వస్తుంది. ఏదో ట్రావెల్ సైట్‌లో అదే గది మూడు వేలు తక్కువకు కనబడుతుంది. అక్కడ బుక్ చేస్తే మీ డబ్బు చేరేది ఆ సైట్‌కు, కాబట్టి హోటల్లో కాయిన్లు వాడుకోవడానికి గది బిల్లంటూ ఏమీ ఉండదు. సభ్యులకిచ్చే వసతులూ మామూలుగా వర్తించవు. బ్యాంకు పోర్టల్లో పాయింట్లతో బుక్ చేసినా అంతే, అది కూడా మూడో మనిషి ద్వారా చేసిన బుకింగే. హోటల్ సొంత సైటు, యాప్, లేదా ఫోన్, ఈ మూడే మీకు పనికొస్తాయి.

గది విషయంలో రెండు మాటలు. మీరు తీసుకునేది తక్కువ ధర గదే కదా. అది ఏ వైపు చూస్తుందో, దానికి మెట్లెక్కాలో అడగండి. అన్ని గదుల నుంచీ నగరం కనబడుతుందని అనుకోకండి. గుర్రపు బండి పాదాన్ని ఎత్తుగా వేసి ఎక్కాల్సింది, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు కష్టమే. ముందు చెబితే ఆమెను కారులోనో బ్యాటరీ బండిలోనో తీసుకెళతారు, నాన్న బండెక్కుతారు. ఉల్లి, వెల్లుల్లి తినని రోజు అయితే ఒక రోజు ముందే వంటవాళ్లకు చెప్పించండి. ఇద్దరి ఆధార్ కార్డులూ అసలువి పెట్టండి, ఫోన్లో ఫొటోలు వద్దు.

నాన్నగారికి ఏం చెప్పాలన్నది మిగిలింది. "ఫ్రీగా వచ్చింది" అని చెప్పవద్దు. ఆయన కండక్టర్, టికెట్ లేకుండా ఎవరూ ప్రయాణం చేయరని తెలిసినవాడు, నమ్మరు. నమ్మినా, రాత్రి మెనూ తెరిచి అక్కడి అంకెలు చూడగానే ముద్ద దిగదు. "అల్లుడి కార్డు మీద పాయింట్లొచ్చాయి, ఆయనే మీకు ఇద్దామన్నాడు" అనండి. ఆ మాట నిజం కావాలంటే మీవారు నిజంగానే ఒప్పుకుని ఉండాలి, అందుకే ముందు ఆయనతో మాట్లాడమన్నది. ఇక మెనూ సంగతి. భోజనం కూడా కలిసిన రేటుంటే అది తీసుకోండి. లేకపోతే ఏమేం వడ్డించాలో మీరే ముందుగా ఫోన్ చేసి చెప్పి, బిల్లు గదికి రాయించండి. అప్పుడు ధరలున్న కార్డు ఆయన చేతికి రాదు. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉండే చిప్స్, చాక్లెట్లకు బిల్లు పడుతుందో లేదో ఫోన్‌లోనే కనుక్కుని అమ్మతో చెప్పండి, లేకపోతే మనవడి కోసం అని రెండు సంచీలో వేసుకుంటారు.

ఎంత చెప్పినా ఆయన ససేమిరా అంటే బలవంతం చేయకండి. పెళ్లిరోజున ఆయన తన ఇంట్లోనే తిని తన మంచం మీదే పడుకోవాలనుకుంటే అది ఆయన హక్కు. అప్పుడు మీరిద్దరూ వెళ్లాలనుకుంటున్నారా అన్న ప్రశ్న వేసుకోండి. మీ ఉత్తరం మొత్తంలో మీకోసం ఏమీ అడగలేదు. అడిగితే తప్పేం లేదు.

ఏది చేసినా బయలుదేరే దారి మాత్రం చూసుకోండి. కూకట్‌పల్లి నుంచి చార్మినార్ మీదుగా సాయంత్రం వెళితే టీ టైము రోడ్డు మీదే అయిపోతుంది. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగి, చాంద్రాయణగుట్ట మీదుగా ఇంజన్‌బౌలి వైపు రండి. లాల్‌దర్వాజా బోనాల ఆదివారం, మర్నాడు ఊరేగింపు రోజు ఆ ప్రాంతంలో రోడ్లు మూస్తారు. ఆ తేదీలు వద్దు. ఆ రెండు రోజులు ఎలాగూ మీ అమ్మగారు అలియాబాద్ దాటి ఎక్కడికీ రారు.